అపొలీన్ ఇంటి మెట్ల మీద పచ్చి వాసన

దక్షిణ ఫ్రాన్సులోని మా గ్రాస్ ఊరి పాతపేటలో, దీపాలు పెట్టే వేళ దాటితే ఎవరూ ఒంటరిగా ఎక్కని మెట్ల దారి ఒకటుండేది. రెండు పక్కలా ఇళ్ళు, పైన ఆ ఇళ్ళను కలుపుతూ కమాను — పగలు కూడా అక్కడ సగం చీకటే. సగం మెట్లు ఎక్కాక ఎడమ చేతి వైపు మద్‌మొజెల్ అపొలీన్ ఇల్లు. పెళ్ళీ పెటాకులూ లేకుండా ఒంటరిగా బతికి, ఒంటరిగానే పోయిందావిడ. వారసులు నీస్ పట్నంలో కూర్చుని వాటాలు తేలక కొట్టుకుంటున్నారు. ఇంటికి తాళం.

తాళం పడిన తర్వాతి చలికాలంలో మొదలైంది.

అడుగుల చప్పుడు కాదు. ఏడుపు కాదు. తెల్లబట్టల ఆడమనిషి అసలే కాదు.

వాసన.

చీకటి పడగానే పైనుంచి మెల్లగా దిగేది... మెట్టు మెట్టుకీ ఆగుతూ. తడి కాడ ఒకటి మీ ముక్కు కింద ఎవరో పుటుక్కున విరిచినట్టు — పచ్చిగా, చేదుగా, చల్లగా. దాని వెనకే పూలు. అదీ జనవరిలో, కొండ మీద గడ్డిపోచ కూడా లేని రోజుల్లో.

మీరు నవ్వొచ్చు. అత్తర్లు కాచే ఊరు మాది, దెయ్యమైనా వాసనతో కాక ఇంకెలా వస్తుంది?

నవ్వినవాళ్ళు కూడా ఆ దారి మానేశారు. పోస్టుమాన్ అక్కడే జారి కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆ మెట్లు మా తాతల నాడే అరిగి నున్నగా తేలాయి, వాన పడితే మేకలు కూడా జారతాయి — అయినా నింద వాసన మీదే పడింది. రొట్టెల కొట్టు ఆవిడ ఓ సాయంత్రం ఆ వాసన పీల్చిందట, వారం తిరక్కుండా బట్టల వ్యాపారితో లేచిపోయింది. వాళ్ళిద్దరి వ్యవహారం అంతకు ముందు నుంచే నడుస్తోందని మొగుడికి తప్ప ఊరందరికీ తెలుసు. అదీ దెయ్యం నెత్తినే పడింది. ఫాదరీ గారు వచ్చి మంత్రజలం చల్లి వెళ్ళారు — మిట్టమధ్యాహ్నం, దెయ్యం ఉండని వేళ చూసుకుని.

నా కొట్టు ఆ మెట్ల మొదట్లోనే. దారాలు, బొత్తాలు, సూదులు, లేసులు. ఆ చలికాలమంతా నేను పెందలాడే తలుపు వేసుకునేదాన్ని. దెయ్యాల్ని నమ్మి కాదు. తలుపు వేసుకోడానికి నమ్మకం అక్కర్లేదు కదా.

అన్నిటికంటే మాంసం కొట్టు బతిస్తాన్ కథ బాగా పాకింది. ఎద్దులాంటి మనిషి. ఓ సాయంత్రం గొర్రె తొడ ఒకటి కాగితంలో చుట్టుకుని పైపేటలో ఇవ్వడానికి ఆ మెట్లెక్కాడు. అపొలీన్ ఇంటి దగ్గరకొచ్చేసరికి వాసన తగిలింది. ఆగాడు. తల ఎత్తాడు. పై కిటికీ చెక్కలు... చెయ్యి పట్టేంత తెరుచుకుని ఉన్నాయి.

లోపల చీకటి.

ఆ చీకట్లోంచి — గాజు మీద గాజు రాసుకున్నట్టు — కీచుమని చిన్న శబ్దం.

అంతే. బతిస్తాన్ ఎలా దిగాడో అతనికే తెలీదు. గొర్రె తొడ అక్కడే పడిపోయింది. మర్నాడు పొద్దున వెళ్ళి చూస్తే కాగితం మాత్రం ఉంది. మా పేటలో కుక్కలకు లోటు లేదు. కానీ బతిస్తాన్ దగ్గర కుక్కల మాట ఎత్తితే కొట్టేట్టు చూసేవాడు.

అప్పుడు అందరి కళ్ళూ కాజిమీర్ రూస్తాన్ మీద పడ్డాయి. సరిగ్గా చెప్పాలంటే, ఆయన ముక్కు మీద.

కాజిమీర్ మా ఊరి కార్ఖానాల్లో ఒకదానికి పెద్ద ముక్కు. పరిమళాలు కలిపేవాళ్ళను మా ఊళ్ళో అలాగే అంటారు, ముక్కు అని. గులాబీ నూనె ఒక బొట్టు చూపిస్తే ఏ చేలో కోశారో, కోసేముందు వాన పడిందో లేదో చెబుతాడని పేరు. పొడుగ్గా, సన్నగా, ఎప్పుడూ టోపీతో, మెడ నిలబెట్టి నడిచే మనిషి. కఫేలో కూర్చున్నప్పుడు ఆయన పక్కన ఎవరూ చుట్ట కాల్చేవాళ్ళు కాదు. ఆ ముక్కుకు ఊరే మర్యాద చేసేది.

బతిస్తాన్ పరువు పోయి ఉన్నాడేమో, కఫేలో అందరి ముందూ ఆయన్ను పట్టుకున్నాడు. "ఏమయ్యా ముక్కుదొరా, మాబోటి మొరటువాళ్ళం పారిపోయాం సరే. నువ్వెళ్ళి పసిగట్టి రారాదూ? దెయ్యం ఏ సెంటు కొడుతుందో తేల్చేస్తే మా ఆడవాళ్ళు కూడా కొనుక్కుంటారు."

అందరూ నవ్వారు. కాజిమీర్ నవ్వలేదు. సోంపు సారా గ్లాసు పూర్తి చేసి, తీరిక దొరికినప్పుడు చూస్తానన్నాడు.

ఇక దాచడం దేనికి. ఆ దెయ్యం జొసెట్. కాజిమీర్ భార్య. నాతోపాటు బళ్ళో చదువుకున్న మనిషి. ఇదంతా తర్వాత తనే నాకు చెప్పింది. దెయ్యం ఎవరో తెలిసిపోయింది కదా అని లేచిపోకండి, అసలు కథ ఇంకా ఉంది.

జొసెట్ అత్తరు ఊళ్ళో పుట్టింది, అత్తరు చేసేవాణ్ణి కట్టుకుంది, పెళ్ళయిన నాటి నుంచి ఒక్క బొట్టు పూసుకుని ఎరగదు. ఇంట్లో వాసన ఉండకూడదు — అదీ ఆ ఇంటి నియమం. కాజిమీర్ ముక్కు చెదిరిపోతుందని. పూలు పెట్టకూడదు. వాసన సబ్బు వాడకూడదు. వెల్లుల్లి వెయ్యకూడదు. వెల్లుల్లి లేని వంటిల్లు మా వైపు ఆ ఒక్కటే. తన ముక్కే తమకు రొట్టె పెడుతోందని ఆయన పెళ్ళయిన కొత్తలోనే చెప్పాడట. జొసెట్ సరేనంది. అప్పట్నుంచీ ఊళ్ళో మురిక్కాలవకు కూడా మల్లెవాసన ఉంటే, ఆ మనిషికి మాత్రం ఏ వాసనా లేదు. పక్కనే వచ్చి నిలబడినా నాకు తెలిసేది కాదు.

అపొలీన్ ఆమెకు జ్ఞానతల్లి, బాప్తిస్మం నాడు చేతుల్లో ఎత్తుకున్న మనిషి. ఇల్లు పాడుపడకుండా అప్పుడప్పుడూ తెరిచి చూడమని వారసులు తాళంచెవి జొసెట్ చేతికే ఇచ్చారు. వెనకవైపు, పైసందులోకి ఒక చిన్న తలుపుంది. దాంట్లోంచి వెళ్ళొచ్చేది. అందుకే ఎవరి కంటా పడలేదు.

ఓ రోజు బీరువాలో బట్టలకు పురుగు పట్టిందేమోనని చూస్తుంటే, లోదుస్తుల వెనక సీసా దొరికింది. లిజియేర్. అంటే అడవి అంచు. యుద్ధం అయిపోయిన కొత్తలో చేసిన పరిమళం, ఆపేసి అప్పటికే చాలా ఏళ్ళు. ఒకప్పుడు లేతాకు రంగులో ఉండేదేమో, పాతబడి తేనె రంగుకు తిరిగింది. గాజు బిరడా బిగుసుకుపోయింది. అరచేతుల్లో పెట్టుకుని వెచ్చబెట్టి, మెల్లగా తిప్పింది. కీచుమంది. బతిస్తాన్‌ను పరిగెత్తించిన కీచు అదే.

మొదటి రోజు వాసన చూసి మూసేద్దామనుకుంది. మూసేముందు బిరడా ఒక్కసారి మణికట్టుకు తాకించింది.

ఆ సంగతి చెప్పేటప్పుడు జొసెట్ నా కొట్లో కుర్చీలో ముందుకు వంగి, చెయ్యి తిప్పి చూపించింది... ఇప్పటికీ అక్కడ తడి ఉన్నట్టు.

మొదట చురుక్కుమనే ఘాటు. పాత సీసా కదా, పైపైది కొంచెం పాడైంది. అది ఊదేసినట్టు పోయింది. వెనకనుంచి చేదు వచ్చింది — పచ్చి బఠాణీకాయ విరిచినట్టు, అంజూరపు ఆకు తుంచితే కారే పాలు వేలికి అంటినట్టు. చెంప మీద చల్లని చేత్తో కొట్టినట్టయింది. చెయ్యి దూరంగా పెట్టుకుంది. మళ్ళీ దగ్గరకు తెచ్చుకుంది. అంతలో ఆ పచ్చి కాడల మధ్యనుంచి పువ్వులు తలెత్తాయి: నీళ్ళలో తడిసిన హయసింత్, మే నెల మొదట్లో అందరూ ఒకరికొకరు ఇచ్చుకునే తెల్ల గంటపూలు. చీకటి గదిలో, దుప్పట్లు కప్పిన కుర్చీల మధ్య, కోటు విప్పకుండా నిలబడి ఉందట. ఎంతసేపో తెలీదు. పూలు తగ్గాక పొడి వచ్చింది, ఐరిస్ దుంప పొడి, చిన్నప్పుడు అమ్మ మెడ దగ్గర ఉండేదే. అన్నీ పోయాక, చిట్టచివర్న, నాచు. చెట్టు మొదట్లో నాచు మీద ఎవరో ఇంతకుముందే కూర్చుని లేచి వెళ్ళినట్టు, కొంచెం వెచ్చగా.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడు కూడా.

పద్ధతి ఏర్పడింది. వెళ్ళగానే కోటు, తన రవిక విప్పి దూరంగా పెట్టేది. అపొలీన్ పట్టు రవిక తొడుక్కునేది. మణికట్లు, మోచేతుల మడతలు, చెవుల వెనక. తర్వాత ఆ ఖాళీ గదిలో అటూ ఇటూ నడిచేది — ఊరికే. తను నడిస్తే పరిమళం ఒక అడుగు వెనకాల నడిచేది. ఆగి వెనక్కి తిరిగితే అది వచ్చి ముఖానికి తాకేది. "నేనొక మనిషిని వచ్చానని గదికి తెలిసేదే, దెల్ఫీన్" అంది నాతో. తర్వాత పుల్లటి ద్రాక్ష సిర్కాతో, వాసన లేని ఉత్త సబ్బుతో తోలు ఎర్రబడేలా తోముకునేది. జుట్టుకు పట్టకుండా ముందే కిటికీ చెక్కలు కాస్త తెరిచిపెట్టేది.

ఆ తెరిచిన సందులోంచే వాసన మెట్ల మీదికి దిగేది. ఊళ్ళో దెయ్యం పుకారు ఆమె చెవిన కూడా పడింది. మంచిదే అనుకుంది. దెయ్యం ఉన్న ఇంటికి కాపలా అక్కర్లేదు.

ఇలా సాగుతుండగా — ఓ సాయంత్రం, పరిమళం పూసుకుని కిటికీ పక్కన కూర్చుని ఉంది — కింద అడుగుల చప్పుడు.

ఎవరో ఎక్కుతున్నారు. తొందర లేదు.

అపొలీన్ ఇంటి ముందుకు వచ్చాయి అడుగులు... ఆగిపోయాయి.

జొసెట్ ఊపిరి బిగబట్టింది. చెక్కల సందులోంచి చూసింది. కమాను కింద మసక దీపం. పొడుగాటి మనిషి. టోపీ. తల ఎత్తి, సరిగ్గా ఈ కిటికీకేసే చూస్తున్నాడు.

దగ్గాడు. పొడిగా, రెండు తునకలుగా.

ఆ దగ్గు పక్కనే ఇన్నేళ్ళుగా ఆమె నిద్రపోయింది.

లేవడానికి లేదు, నేల చెక్కలు మూలుగుతాయి. కిటికీ వెయ్యడానికి లేదు, బందులు అరుస్తాయి. వంటి మీద ఆరు చోట్ల పరిమళం. కింద నిలబడింది ఉత్తరాదిలో పూసిన పువ్వుకు, దక్షిణాన పూసిన పువ్వుకు తేడా చెప్పే ముక్కు. అయిపోయింది, ఇక పైకి వస్తాడు, తలుపు కొడతాడు అనుకుంటూ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

కాజిమీర్ టోపీ తీశాడు. కళ్ళు మూసుకున్నాడు. ఛాతీ నిండా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. చర్చిలో నిలబడినట్టు అలా చాలాసేపు నిలబడి, టోపీ పెట్టుకుని దిగిపోయాడు.

జొసెట్ తోముకుని, వెనక తలుపున పరిగెత్తి ఇంటికి చేరేసరికి ఆయన అప్పటికే బల్ల దగ్గర ఉన్నాడు. ఇంతసేపు ఎక్కడున్నావంటే దెల్ఫీన్ కొట్లో దారం కొంటున్నానంది. తనకూ కార్ఖానాలో ఆలస్యమైందని ఆయన అన్నాడు. ఇద్దరూ తల వంచుకుని తిన్నారు.

మర్నాడు వెళ్ళలేదు. ఆ తర్వాతా వెళ్ళలేదు. ఆయన మాత్రం రోజూ ఆలస్యంగానే వచ్చేవాడు. ఏమీ అడగడు, ఏమీ అనడు. కత్తి పైన వేలాడుతున్నట్టే ఉంది, పడదు. భయం కొంచెం పాతబడ్డాక చెయ్యి మళ్ళీ సీసా కోసం పీకడం మొదలెట్టింది. వెళ్ళింది.

ఆయన వచ్చాడు. అలాగే టోపీ తీశాడు. అలాగే కళ్ళు మూసుకున్నాడు.

అప్పుడామెకు వేరే ఆలోచన వచ్చింది, భయం కంటే అన్యాయమైనది. ఈయనకు నేనని తెలీదు. ఎవరో ఆడమనిషి అనుకుంటున్నాడు. చచ్చిందో బతికుందో తెలియని ఒక ఆడదాని వాసన కోసం చలిలో వచ్చి నిలబడుతున్నాడు. ఇంట్లో పక్కన కూర్చుంటే పేపరు మీంచి కళ్ళెత్తడు.

నాతో చెప్పేటప్పుడు నవ్వింది గానీ, అప్పుడు ఆమెకు ఒళ్ళు మండిపోయిందట. కింద నిలబడ్డ మొగుడి మీద కాదు. పైన కిటికీ దగ్గర కూర్చున్న ఆ ఆడదాని మీద. దాని జుట్టు పట్టుకుని ఈడ్చాలనిపించింది. అయితే ఆ జుట్టు తనదే.

పగలు ఊళ్ళో మాత్రం కాజిమీర్ పరువు పెరిగింది. కఫేలో అడిగితే, ఇంకా పరిశీలనలో ఉందని గంభీరంగా చెప్పేవాడు. రోజూ ఒంటరిగా దెయ్యం దగ్గరికి వెళ్ళొస్తున్నాడని తెలిసి బతిస్తాన్ కూడా లేచి కుర్చీ ఇచ్చేవాడు.

ఫిబ్రవరిలో, గాలి బాగా కోస్తున్న ఓ సాయంత్రం, ఆయన టోపీ తియ్యలేదు. గోడకు చెయ్యి ఆనించాడు. ఎవరూ రావడం లేదని అటూ ఇటూ చూసుకున్నాడు. తర్వాత, గుసగుసగా —

"మదామ్... మద్‌మొజెల్... ఎవరైనా సరే. నాకు వాసన తెలీదు."

జొసెట్‌కు సరిగా వినపడలేదేమో అనిపించింది.

"ఆరేళ్ళ కిందట జ్వరం వచ్చింది. లేచేసరికి పోయింది. గులాబీ లేదు, పేడ లేదు, మాడిన రొట్టె లేదు. ఎవరికీ చెప్పలేదు. మీరు చచ్చిపోయినవాళ్ళు కదా, కబుర్లు మొయ్యరని చెబుతున్నా."

ఆగాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"ఊళ్ళో అడ్డమైనవాడికీ మీ వాసన తగిలింది. ఆ బతిస్తాన్‌కు కూడా. దెయ్యం వాసనకు ముక్కుతో పని ఉండదేమో, నాకూ తెలుస్తుందేమోనని... రోజూ వస్తున్నా. ఒక్క ఇసుమంత కూడా రాదా?"

జొసెట్ రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపో నవ్వో ఆమెకే తెలీదు, ఏదైనా బయటికి రాకూడదు. ఆరేళ్ళు. ఆరేళ్ళుగా వెల్లుల్లి లేని సూప్ తాగింది. పెళ్ళిళ్ళకు ఉత్తచేతుల్తో వెళ్ళొచ్చింది, పూలగుత్తి పట్టుకుంటే చేతికి వాసన అంటుతుందని. ఈ చలికాలమంతా సిర్కాతో తోలు ఊడేలా తోముకుంది — చెవిటివాడికి వినపడకూడదని గుసగుసలాడినట్టు.

గాలికి కిటికీ చెక్క కొట్టుకుంది. కింద ఆయన తల ఎత్తి చూస్తూ ఉండిపోయాడు. కొంచెంసేపటికి కోటు కాలరు పైకి లాక్కుని, మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం జొసెట్ తోముకోలేదు. సీసా కోటు జేబులో వేసుకుంది. పైసందులో పరిగెత్తుతూ అనాల్సిన మాటలన్నీ వరస పెట్టుకుంది, ఒకదాన్ని మించి ఒకటి పదునుగా. ఎదురైన ముసలావిడ ఒకతి గాలి పీల్చి, శిలువ గుర్తు వేసుకుని గోడకు అతుక్కుపోయింది.

ఇంట్లో సూప్ వేడిచేసి పెట్టింది. గుమ్మడికాయ, ఉల్లికాడలు. కావాలనే ఆయన మీదుగా వంగి, చేతిమడత ముక్కుకు తగిలేంత దగ్గరగా పెట్టి వడ్డించింది. కాజిమీర్ చెంచా ముంచాడు, తాగాడు, రొట్టె తుంచుకున్నాడు. గది గదంతా పచ్చి కాడల వాసన, హయసింత్ వాసన, గోడలకు పట్టేంత. ఆయన తాగుతూనే ఉన్నాడు.

ఇక మొదలెట్టబోయింది. కానీ ముందు చెంచా కింద పెట్టింది ఆయనే.

"జొసెట్. నాకు వాసన తెలీడం లేదు. చాలా కాలమైంది."

వరస పెట్టుకున్న మాటల్లో ఒక్కటీ గుర్తు రాలేదట ఆమెకు.

"ఇప్పుడు నేను పరిమళం పూసుకుని నీ పక్కన ఉన్నాను కాజిమీర్" అంది.

ఆయన కోప్పడలేదు. ఆమె చెయ్యి అందుకుని, మణికట్టు మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని పీల్చాడు. ఏమీ లేదు. వెచ్చదనం తెలిసింది, నాడి తెలిసింది, అంతే. చెయ్యి వదల్లేదు.

"ఎలా ఉంది?" అన్నాడు.

జొసెట్ చెప్పింది. బఠాణీకాయ సంగతి చెప్పింది. అంజూరపు పాలు, చెంపమీద చల్లని దెబ్బ. ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. అది గల్బనం అనే జిగురు అన్నాడు, అంత చేదు రావాలంటే చెయ్యి వణక్కుండా బాగా పోసి ఉంటారన్నాడు. పూలు ఎప్పుడొచ్చాయని అడిగాడు. చెప్పింది. పూల కింద ఏముందన్నాడు. ఆమె తన మోచేతిని తనే వాసన చూసుకుని, కాస్త ఆలోచించి, సబ్బు నీళ్ళతో కడిగిన రాతినేల అంది. అమ్మ మెడ దగ్గరి పొడి అంది. ఇంకా తర్వాత నాచు వస్తుంది, దానికి టైముంది అంది.

కాజిమీర్ ముఖం ఒక్కో మాటకీ మారిపోతోంది. సూప్ మీద తెట్టు కట్టింది. ఉన్నట్టుండి, "లిజియేర్" అన్నాడు. పనిలో కొత్తగా చేరినప్పుడు దాని గాజు జాడీలు కడిగింది తనేనట. "ఎక్కడిది నీకు?"

చెప్పింది. ఏ ఇంటిదో, ఏ కిటికీ దగ్గర పూసుకునేదో. ఆయన చెవుల దాకా ఎర్రబడి తల దించుకున్నాడు. మెట్ల మీద తను ఎవరితో మాట్లాడాడో అప్పటికి తెలిసింది. ఆమె ఆ మాట ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. నాచు వచ్చేదాకా ఇద్దరూ అలాగే కూర్చున్నారు, ఆమె ఎప్పటికప్పుడు ఏం మారిందో చెబుతూ.

వారం తిరక్కముందే కాజిమీర్ యజమానికి నిజం చెప్పేశాడు. ఆ యజమాని లేచి గది తలుపు వేసి, దయచేసి ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. ఆ ఆరేళ్ళలో కలిపిన పరిమళాలే బాగా అమ్ముడుపోయాయట. ఇదీ వింతే — చేతికింది కుర్రాళ్ళు పరిమళంలో ముంచిన కాగితపు ముక్కలు తెచ్చి ముక్కు కింద పెడితే, కాజిమీర్ వాసన చూసినట్టు చూసి, వాళ్ళ ముఖాలు చదివి, "ఏదో ఎక్కువైంది" అనేవాడు. ఏది ఎక్కువైందో భయంతో వాళ్ళే వెతికి పట్టుకునేవాళ్ళు. ముక్కు పోయాకే ఆయన పేరు పెరిగింది.

కఫేలో మాత్రం దెయ్యం గురించి తీర్పు చెప్పాడు. ఇది మొదట, ఇది తర్వాత, చిట్టచివర్న ఇది — జొసెట్ చెప్పినవన్నీ వరసగా. బతిస్తాన్ నోరు తెరుచుకుని విన్నాడు. మెట్ల మీదనుంచి అంత పసిగట్టాడంటే మాటలా అన్నారందరూ. ఆదివారం జొసెట్ భర్త చెయ్యి పట్టుకుని, లిజియేర్ పూసుకుని చర్చికి వస్తే, వెనక బల్లల వాళ్ళు ముందుకూ ముందు బల్లల వాళ్ళు పక్కకూ జరిగారు. వంటింట్లోంచి వెల్లుల్లి వాసన వీధిలోకి వచ్చింది. దెయ్యం రూస్తాన్ వాళ్ళింటికి కాపురం మార్చిందని కొన్నాళ్ళు చెప్పుకున్నారు, తర్వాత మరిచిపోయారు.

వాళ్ళు మరిచిపోయాక, మళ్ళీ ఆకురాలే కాలంలో, ఇద్దరూ కోటు బొత్తాల కోసం నా కొట్టుకొచ్చారు. అప్పటికి జొసెట్ నాకంతా చెప్పేసింది. ఆమె లోపలి సొరుగులో గాజు బొత్తాలు ఏరుకుంటోంది. పనిలేని నోరు కదా నాది, కాజిమీర్‌ను అడిగాను. ఆరేళ్ళు దాచినవాడివి, సరిగ్గా ఆ సాయంత్రమే పెళ్ళాంతో చెప్పాలని ఎందుకనిపించింది అని.

కాజిమీర్ సిగ్గుపడ్డాడు. గడప దగ్గర నిలబడి మెట్లకేసి చూస్తూ, "నాకనిపించడమేంటి" అన్నాడు. "కిటికీలోంచి ఈవిడే కదా చెప్పింది."

జొసెట్ తల ఎత్తింది. "ఏం చెప్పాను?"

"నన్ను తిట్టలేదూ? ఇప్పుడు బుకాయిస్తావేం."

"నేనసలు నోరే తెరవలేదు కాజిమీర్. ఏడుపు వినపడుతుందని రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాను."

ఆయన ఆటపట్టిస్తోందనుకుని నవ్వాడు. ఆమె ముఖం చూశాడు... నవ్వు ఆగిపోయింది.

"మరి," అన్నాడు, గొంతు తగ్గించి, "'నా కిటికీ కింద చేరి ముక్కు చీదకు, ఇంటికెళ్ళి నీ పెళ్ళాంతో చెప్పుకో' అన్నది...?"

జొసెట్ చేతిలో బొత్తాలు అలాగే ఉన్నాయి. గడప మీంచి మెట్లకేసి చూసింది.

"'నా కిటికీ' అన్నదా?" అంది.